బిస్మత్-పల్లాడియం పాయింట్ కాంటాక్ట్‌లో జీరో బయాస్ పీక్: ట్రిప్లెట్ అని రాసేయొచ్చా?

సూదిమొన
ఆల్ఫా బిస్మత్-పల్లాడియం అనే సూపర్‌కండక్టర్ సింగిల్ క్రిస్టల్ మీద వెండి సూది ఆనించి ఆండ్రీవ్ కొలతలు (సూది నుంచి వెళ్లే ఎలక్ట్రాన్లు సూపర్‌కండక్టర్‌లో జంటలయ్యే తీరు) చేస్తున్నాం. టీసీ (సూపర్‌కండక్టర్‌గా మారే ఉష్ణోగ్రత) 3.8 కెల్విన్, బాత్ (చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత) 1.5 కెల్విన్, కాంటాక్ట్ నార్మల్ రెసిస్టెన్స్ 2 ఓమ్‌లు. సున్నా వోల్టేజ్ (జీరో బయాస్) దగ్గర నిటారుగా పీక్ వస్తోంది, ఎత్తు నార్మల్ కండక్టెన్స్‌కి 2.6 రెట్లు. ప్లస్ మైనస్ 1.3 మిల్లీవోల్ట్ దగ్గర లోతుగా డిప్‌లు. వేడి చేస్తే 3.7 కెల్విన్‌కల్లా అన్నీ పోతున్నాయి.
క్రిస్టల్‌కి విలోమ సౌష్ఠవం (ఒక బిందువు చుట్టూ తిరగేసినా అలాగే ఉండటం) లేదు, బిస్మత్ ఉంది కాబట్టి స్పిన్-ఆర్బిట్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కి, కదలికకి ఉన్న ముడి) బలమైనది. సున్నా దగ్గర పీక్ అంటే ఆండ్రీవ్ బౌండ్ స్టేట్ (అంచున చిక్కుకున్న ఎలక్ట్రాన్ స్థితి), అంటే గ్యాప్‌లో (ఎలక్ట్రాన్ జంటని విడదీసే శక్తి) ట్రిప్లెట్ (స్పిన్‌లు ఒకే వైపున్న జంట; ఎదురెదురుగా ఉంటే సింగ్లెట్) భాగం పెద్దది అని థీసిస్‌లో రాయొచ్చా? గైడ్ రాయమనే అంటున్నారు.

హీలియం3
ఆ డిప్‌లు ఉన్నంతవరకు రాయొద్దు.

రాష్బా_రాజు
రాయొద్దు అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా? 2012లో ముంబై టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ వాళ్లు ఇదే పదార్థం మీద పాయింట్ కాంటాక్ట్‌లో ఒకటి కంటే ఎక్కువ గ్యాప్‌లూ, జీరో బయాస్ పీకూ చూపించారు కదా. ఇది కొత్త వింతేమీ కాదు.

హీలియం3
చూపించారు. అదే టీఐఎఫ్ఆర్ నుంచి 2004లో ఇంకో పేపర్ కూడా వచ్చింది: కాంటాక్ట్ బాలిస్టిక్ (ఎలక్ట్రాన్లు ఢీకొనకుండా దాటేది) కాకపోతే మామూలు ఎస్-వేవ్ (అన్ని దిశల్లో ఒకే గ్యాప్, సింగ్లెట్) సూపర్‌కండక్టర్‌లో కూడా క్రిటికల్ కరెంట్ (సూపర్‌కండక్టివిటీ తట్టుకునే గరిష్ఠ కరెంట్) వల్ల నకిలీ పీకూ, పక్కన డిప్‌లూ వస్తాయని. రెండూ కలిపి చదవాలి.
విషయం ఇది. కాంటాక్ట్ రెసిస్టెన్స్‌లో రెండు ముక్కలుంటాయి. షార్విన్ ముక్క కాంటాక్ట్ వ్యాసార్థం వర్గానికి విలోమంగా పోతుంది, రెసిస్టివిటీతో దానికి పని లేదు. మాక్స్‌వెల్ ముక్క రెసిస్టివిటీని రెండు వ్యాసార్థాలతో భాగిస్తే వస్తుంది. తక్కువ బయాస్‌లో సూపర్‌కండక్టర్ వైపు రెసిస్టివిటీ సున్నా కాబట్టి ఆ వైపు మాక్స్‌వెల్ ముక్క మాయమై కండక్టెన్స్ ఎగబాకుతుంది. కాంటాక్ట్ క్రిటికల్ కరెంట్ దాటగానే ఆ ముక్క ఒక్కసారిగా తిరిగొస్తుంది, వోల్టేజ్ దూకుతుంది, డెరివేటివ్‌లో డిప్ పడుతుంది. ఆండ్రీవ్‌తో ఇందులో ఏ భాగానికీ సంబంధం లేదు.
పైగా మామూలు బీటీకే లెక్కలో (ఆండ్రీవ్ కండక్టెన్స్‌కి 1982 నాటి సూత్రం) కండక్టెన్స్ 2 రెట్లు దాటదు. నీది 2.6. అంటే నిజంగా బౌండ్ స్టేట్ అయినా ఉండాలి, లేదా క్రిటికల్ కరెంట్ అయినా కలిసుండాలి. డిప్‌లు రెండోదాని వైపే చూపిస్తున్నాయి.

సూదిమొన
వెండికి రెసిస్టివిటీ, మీన్ ఫ్రీ పాత్ (ఎలక్ట్రాన్ ఢీకొనకుండా పోయే దూరం)ల లబ్ధం 8.5 × 10⁻¹⁶ ఓమ్-చదరపు మీటర్ అనుకుని 2 ఓమ్‌లకి షార్విన్ లెక్క కడితే వ్యాసార్థం 13 నానోమీటర్లు వస్తోంది. క్రిస్టల్ మీన్ ఫ్రీ పాత్ వందల నానోమీటర్లు. హాయిగా బాలిస్టిక్ కదా?

క్రయో_విశాఖ
ఆ లెక్క ఒకటే కాంటాక్ట్ ఉందనుకుంటోంది. సూదిని నొక్కితే పక్కపక్కన పది చిన్న కాంటాక్ట్‌లు పడొచ్చు, లేదా ఒకే పెద్ద మురికి కాంటాక్ట్ పడొచ్చు. బయటికి రెండూ 2 ఓమ్‌లే. అదీగాక బల్క్ మీన్ ఫ్రీ పాత్ సూది కింద ఉండదు. నొక్కిన చోట లాటిస్ నలిగి ఉంటుంది, పైన ఆక్సైడ్ పొర ఉంటుంది.

హీలియం3
@క్రయో_విశాఖ సరిగ్గా అదే. దీన్ని తేల్చడానికి నాలుగు పరీక్షలు చాలు తమ్ముడూ.
ముందు రెసిస్టెన్స్ మార్చు. సూది మెల్లగా ఎత్తుతూ 2 ఓమ్‌ల నుంచి 50 దాకా వెళ్లు. గ్యాప్ వల్ల వచ్చే గుర్తులు అదే వోల్టేజ్ దగ్గర నిలబడతాయి. క్రిటికల్ కరెంట్ డిప్‌లు కాంటాక్ట్ మారినప్పుడల్లా పక్కకి కదులుతాయి, ఎందుకంటే వాటి చోటు ఆ కరెంట్, ఆ రెసిస్టెన్స్‌ల లబ్ధం.
తర్వాత, గ్యాప్‌కి నాలుగైదు రెట్ల బయాస్‌లో నార్మల్ రెసిస్టెన్స్‌ని టీసీ కింద నుంచి 10 కెల్విన్ దాకా చూడు. కదలకపోతే షార్విన్ ముక్కదే పైచేయి. క్రిస్టల్ రెసిస్టివిటీ లాగే పెరుగుతుంటే థర్మల్, అంటే కాంటాక్ట్‌లోనే వేడి పుడుతోంది.
మూడోది, వేడి లెక్క. పూర్తి థర్మల్ కాంటాక్ట్‌లో మధ్యలో ఉష్ణోగ్రత వర్గం = బాత్ వర్గం + వోల్టేజ్ వర్గం బై నాలుగు లోరెంజ్ నంబర్లు. అంటే మిల్లీవోల్ట్‌కి సుమారు 3.2 కెల్విన్. నీ 1.5 కెల్విన్ బాత్ నుంచి 3.8 చేరడానికి 1.1 మిల్లీవోల్ట్ సరిపోతుంది. నీ డిప్ 1.3 దగ్గర ఉంది. ఈ పొంతన నాకు అస్సలు నచ్చలేదు.
నాలుగోది, టీసీ పైన కూడా పీక్ అవశేషం ఉందేమో చూడు. ఉంటే కొండో లాంటి మాగ్నెటిక్ మలినం. నీకు 3.7 కల్లా పోయిందన్నావు కాబట్టి ఇది అంత భయం లేదు.

బోసాన్_బాబు
ఉష్ణోగ్రత సంగతి ఎవరూ అడగలేదేం? 3.8 కెల్విన్ టీసీకి బీసీఎస్ గ్యాప్ 0.58 మిల్లీ-ఎలక్ట్రాన్‌వోల్ట్. 1.5 కెల్విన్‌లో ఫెర్మీ మసక (ఉష్ణోగ్రత వల్ల కొలత మసకబారడం) వెడల్పు 3.5 కేటీ (కేటీ అంటే ఉష్ణశక్తి), అంటే 0.45. గ్యాప్ అంత మసక పెట్టుకుని గ్యాప్ లోపలి పీక్ ఆకారం గురించి ఏం చెప్తాం? 0.3 కెల్విన్‌కి దిగితే అది 0.09 అవుతుంది. హీలియం-3 ఇన్సర్ట్ ఉంటే వాడండి.
లాక్-ఇన్ మాడ్యులేషన్ కూడా చూసుకోండి. 0.3 కెల్విన్‌లో కేటీ 26 మైక్రో-ఎలక్ట్రాన్‌వోల్ట్, కాబట్టి ఏసీ 20 మైక్రోవోల్ట్ ఆర్ఎంఎస్ మించకూడదు. 20 ఓమ్‌ల కాంటాక్ట్‌కి అది 1 మైక్రోఆంపియర్. డీసీ స్వీప్ 5 మిల్లీవోల్ట్ దాకా అంటే 250 మైక్రోఆంపియర్లు. వైర్లకి చల్లటి చోట ఆర్‌సీ ఫిల్టర్లు లేకపోతే బయటి రేడియో శబ్దమే ఎలక్ట్రాన్లని 0.3 దగ్గర ఉండనివ్వదు, థర్మామీటర్ ఎంత చెప్పినా సరే.

హీలియం3
@బోసాన్_బాబు హీలియం-3 కావాలంటే నన్ను పిలవండి, పేరు అందుకే పెట్టుకున్నా.

ముడిస్ఫటికం
క్రిస్టల్ గురించి అడుగుతాను. ఎలా పెంచారు? కరిగిన ముద్ద సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర బీటా ఫేజ్‌గా గట్టిపడుతుంది. 210 దగ్గర మోనోక్లినిక్ ఆల్ఫాకి మారుతుంది. విలోమ సౌష్ఠవం లేనిది ఈ ఆల్ఫాయే. ఆ మార్పు దగ్గర తొందరపడితే క్రిస్టల్ నిండా ట్విన్‌లు (వేర్వేరు దిశల్లో తిరిగిన ముక్కలు). పక్కపక్క ట్విన్‌లలో పోలార్ దిశ ఎదురెదురుగా ఉండొచ్చు, అంటే స్పిన్-ఆర్బిట్ గుర్తు తలకిందులు. సూది ట్విన్ గోడ మీద పడితే మీరు కొలిచేది ఏమిటో ఎవరూ చెప్పలేరు.

సూదిమొన
బ్రిడ్జ్‌మన్ పద్ధతి. కొన మొనదేలిన క్వార్ట్జ్ ట్యూబ్, వాక్యూమ్‌లో సీల్. ఘనీభవించాక 210 దాటేదాకా గంటకి కొద్ది డిగ్రీల చొప్పున దించాం. లావ్ ఎక్స్-రే చిత్రంలో ఒకటే సెట్ చుక్కలు కనిపిస్తున్నాయి.

ముడిస్ఫటికం
లావ్ బీమ్ మిల్లీమీటర్ సైజుది. సూది కింద ఏముందో అది చెప్పదు. పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోప్ కింద పెట్టి చారలు చూడండి, ఖర్చులేని పని.
తూకం కూడా సరిచూడండి. 10 గ్రాములకి బిస్మత్ 6.63, పల్లాడియం 3.37 గ్రాములు. బిస్మత్ కాస్త ఎక్కువైతే ఒకటికి రెండు నిష్పత్తి ఫేజ్ తోడవుతుంది. దాని బీటా రూపం 5.4 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్, పైగా సౌష్ఠవం ఉన్నది. రెసిస్టెన్స్‌లో 5 కెల్విన్ దగ్గర చిన్న మెట్టు కనిపించినా ఆ ముక్క పక్కన పెట్టేయండి.
ఉపరితలాన్ని పాలిష్ చేయొద్దు. బీ-అక్షానికి అడ్డంగా చీలుతుంది, అప్పుడే చీల్చి, గాలి తగలనివ్వకుండా ఇన్సర్ట్‌లో పెట్టడం మంచిది.

ఓరుగల్లు_ఫిజిక్స్
వోల్టేజ్ లీడ్‌లు దేనితో అతికించారు? ఇండియం అయితే దాని టీసీ 3.4. లెడ్-టిన్ సోల్డర్ అయితే 7 చుట్టుపక్కల. మీ 3.8 పక్కనే ఇండియం కూర్చుంటే సగం గీతలు దానివే కావచ్చు. 30 మిల్లీటెస్లా పెడితే ఇండియం చస్తుంది, గీత మారితే దొంగ దొరికినట్టే. అసలు సిల్వర్ పెయింట్ వాడితే ఈ గొడవే లేదు.

సూదిమొన
సిల్వర్ పెయింటే. సూది 0.25 మిల్లీమీటర్ వెండి తీగ, బ్లేడుతో ఏటవాలుగా కోసింది.

క్రయో_విశాఖ
సూదితో పాటు మెత్తటి కాంటాక్ట్ కూడా వేసి పోల్చు. 25 మైక్రాన్ల బంగారు తీగ, దాని కొనకి 50 మైక్రాన్ల సిల్వర్ పెయింట్ బొట్టు. ఒత్తిడి ఉండదు, ఉష్ణోగ్రత మార్చినా కదలదు. రెసిస్టెన్స్ నీ చేతిలో ఉండదన్నదొక్కటే లోటు. చిన్న వోల్టేజ్ పల్స్ ఇస్తే కొంత మారుతుంది.

రాష్బా_రాజు
కొలతల జాగ్రత్తలన్నీ ఒప్పుకుంటాను. కానీ సిద్ధాంతం వైపు ఎవరూ మాట్లాడటం లేదు, ప్రశ్నలో అసలు ముడి అక్కడుంది. విలోమ సౌష్ఠవం లేకపోతే సింగ్లెట్, ట్రిప్లెట్ అని విడదీసే హక్కే పోతుంది. 2001లో గోర్కోవ్, రాష్బా చెప్పింది ఇదే. స్పిన్-ఆర్బిట్ వల్ల ఫెర్మీ ఉపరితలం రెండుగా చీలుతుంది, ఒక్కో చీలికలో స్పిన్ మొమెంటంకి కట్టుబడి ఉంటుంది. జంట ఒకే చీలికలో కట్టుకుంటుంది. బిస్మత్-పల్లాడియంలో చీలిక పదుల మిల్లీ-ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు, కేటీసీ 0.33. కాబట్టి కలగడం తప్పనిసరి.

హీలియం3
కలగడం తప్పనిసరి, నిజం. ఎంత కలుస్తుందన్నది మాత్రం చీలిక చెప్పదు. రెండు చీలికల గ్యాప్‌లు: సింగ్లెట్ ప్లస్ ట్రిప్లెట్, సింగ్లెట్ మైనస్ ట్రిప్లెట్. స్పిన్-ఆర్బిట్ ట్రిప్లెట్‌కి దారి తెరుస్తుంది, దాని డీ-వెక్టర్ (ట్రిప్లెట్ స్పిన్ తీరుని చెప్పే వెక్టర్) స్పిన్-ఆర్బిట్ వెక్టర్‌కి సమాంతరంగా ఉంటే జంట తెగకుండా కాపాడుతుంది కూడా (2004, ఫ్రిగేరి, ఆగ్టర్‌బర్గ్, కోగా, సిగ్రిస్ట్). కానీ ఆ ఛానెల్‌లో ఆకర్షణ వేరే ఉండాలి. మామూలు ఫోనాన్ ఆకర్షణ సింగ్లెట్‌నే పెంచుతుంది. ట్రిప్లెట్ చిన్నగా ఉంటే రెండు గ్యాప్‌లూ ఒకే గుర్తుతో, కొంచెం తేడాతో ఉంటాయి. అంచున బౌండ్ స్టేట్ రాదు. ట్రిప్లెట్ సింగ్లెట్‌ని దాటినప్పుడే ఒక గ్యాప్ గుర్తు తిరగబడుతుంది, అప్పుడే అంచు స్థితులు.

రాష్బా_రాజు
అందుకే కదా పీక్ ముఖ్యం. దాటిందనడానికి గుర్తు అదే.

బోసాన్_బాబు
ఆ గుర్తు కూడా అంత సూటిగా లేదు రాజుగారూ. నోడ్‌లు (గ్యాప్ సున్నా అయ్యే చోట్లు) లేని ఎస్ ప్లస్ పీ (సింగ్లెట్, ట్రిప్లెట్ కలిసిన) స్థితిలో ట్రిప్లెట్ పెద్దదైనా అంచు స్థితులు మొమెంటంతో పాటు శక్తి మారే హెలికల్ గీతలు. టన్నెలింగ్‌లో అవి సున్నా చుట్టూ వెడల్పాటి గుట్టలా వస్తాయి. సూదిలా నిటారు పీక్ రావాలంటే సున్నా శక్తి దగ్గర చదునైన బ్యాండ్ కావాలి, దానికి గ్యాప్‌లో నోడ్‌లు ఉండాలి. మరి ఈ పదార్థంలో నోడ్‌లున్నాయా? 2015లో అప్పుడే చీల్చిన శుభ్రమైన ఉపరితలం మీద ఎస్‌టీఎంతో (స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్) చూస్తే ఒకే గ్యాప్, బీసీఎస్ ఆకారం. సున్నా దగ్గర పీక్ లేదు.

రాష్బా_రాజు
ఎస్‌టీఎం బీ-అక్షానికి లంబంగా ఉన్న ముఖం మీద చేశారు. బౌండ్ స్టేట్ ముఖాన్ని బట్టి వస్తుంది, ఒక ముఖంలో లేకపోతే అన్నింటిలో లేదని కాదు. ఎన్‌క్యూఆర్‌లో (అణుకేంద్రకాల రెసొనెన్స్ కొలత) హీబెల్-స్లిక్టర్ గుట్ట (మామూలు ఎస్-వేవ్‌లో టీసీ కిందనే కనిపించేది) అణిగిపోయి కనిపించింది, అది మామూలు ఎస్-వేవ్ తీరు కాదు.

బోసాన్_బాబు
ముఖం మాట ఒప్పుకుంటాను. అయితే @సూదిమొన ఏ ముఖం మీద నొక్కారో చెప్పాలి, మిగతా ముఖాల మీద కూడా కొలవాలి. ఒక దిశలో ఉండి ఇంకో దిశలో లేకపోతే అది ఎంతో విలువైన ఫలితం.

ఓరుగల్లు_ఫిజిక్స్
సౌష్ఠవం లేదు కాబట్టి వింత జంట అనే వాదనకి అసలైన పరీక్ష లిథియం బోరైడ్‌ల జోడీ. లిథియం-పల్లాడియం-బోరాన్, టీసీ 7 చుట్టుపక్కల. లిథియం-ప్లాటినం-బోరాన్, 2.7. క్రిస్టల్ ఒకటే, రెంటికీ విలోమ సౌష్ఠవం లేదు. 2006లో పెనెట్రేషన్ డెప్త్ (అయస్కాంత ఫీల్డ్ లోపలికి దూరే లోతు) కొలిస్తే పల్లాడియందానిలో గ్యాప్ నిండుగా, ప్లాటినందానిలో లైన్ నోడ్‌లు. ఎన్ఎంఆర్‌లో ప్లాటినందాని నైట్ షిఫ్ట్ (స్పిన్‌ల స్పందన; సింగ్లెట్ అయితే తగ్గాలి) టీసీ కింద కూడా కదల్లేదు. లెక్కల్లో స్పిన్-ఆర్బిట్ చీలిక పల్లాడియంకి 30, ప్లాటినంకి 200 మిల్లీ-ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల స్థాయి. అంటే సౌష్ఠవం లేకపోవడం ఒక్కటే చాలదు.

ముడిస్ఫటికం
ఆ లిథియం సమ్మేళనాలు చేయడం పెద్ద తలనొప్పి. ముందు లోహం, బోరాన్ ఆర్క్‌లో కరిగించి, ఆ తర్వాతే లిథియం కలపాలి, ఆవిరైపోతుంది కాబట్టి కాస్త ఎక్కువ వేయాలి. లిథియం తగ్గితే టీసీ జారుతుంది. అయినా ఆ జోడీ ఎవరైనా చేయదలిస్తే చేయాల్సిందే.

సూదిమొన
క్రిటికల్ ఫీల్డ్ (సూపర్‌కండక్టివిటీని చంపే అయస్కాంత ఫీల్డ్) పౌలీ హద్దు (సింగ్లెట్ జంట స్పిన్‌లు తట్టుకోగల ఫీల్డ్) దాటితే ట్రిప్లెట్ అంటారు కదా, ఆ దారిలో వెళ్తే?

హీలియం3
నీ పదార్థంలో ఆ దారి మూసే ఉంది. పౌలీ హద్దు కెల్విన్‌కి 1.86 టెస్లా, నీకు 7 టెస్లా. బిస్మత్-పల్లాడియం ఎగువ క్రిటికల్ ఫీల్డ్ 1 టెస్లాకి లోపే, వోర్టెక్స్‌లే (లోపలికి దూరే ఫ్లక్స్ సుడులు) చంపేస్తాయి. ఆ పరీక్ష పనికొచ్చేది భారీ ఎలక్ట్రాన్‌లున్న చోట. 2004లో వియన్నాలో దొరికిన సీరియం-ప్లాటినం-సిలికాన్ టీసీ 0.75, హద్దు 1.4 టెస్లా, అది నిలబడింది 5 టెస్లా దాకా. ఈ రంగం మొదలైందే అక్కడ. కానీ అక్కడ కూడా జాగ్రత్త: రాష్బా చీలిక ఉంటే స్వచ్ఛమైన సింగ్లెట్ కూడా సీ-అక్షం దిశ ఫీల్డ్‌లో పౌలీ హద్దుకి లొంగదు. హద్దు దాటడం స్పిన్-ఆర్బిట్‌కి సాక్ష్యం, ట్రిప్లెట్‌కి కాదు.

క్రయో_విశాఖ
ఒకే పొర నియోబియం డైసెలినైడ్ కూడా అంతే. పొర సమతలంలో ఫీల్డ్ పెడితే పౌలీ హద్దుకి ఆరు రెట్లకి పైగా నిలబడుతుంది. స్పిన్‌లు పొరకి నిలువుగా బిగుసుకుని ఉంటాయి, అంతే. అది ఒక్కటే ట్రిప్లెట్‌కి సాక్ష్యం కాదు.

మ్యువాన్_మిత్ర
టైమ్ రివర్సల్ సౌష్ఠవం విరగడం (సూపర్‌కండక్టర్ లోపల తనంతట చిన్న అయస్కాంత ఫీల్డ్ పుట్టడం) కూడా ఇందులో కలిపేస్తుంటారు. లాంథనం-నికెల్-కార్బన్‌లో 2009లో మ్యువాన్‌లతో కనిపించింది, విలోమ సౌష్ఠవం లేదు. 2012లో లాంథనం-నికెల్-గాలియంలో కూడా కనిపించింది, దానికి విలోమ సౌష్ఠవం ఉంది. రీనియం-జిర్కోనియంలో 2014లో కనిపించింది, తర్వాత ఉత్త రీనియంలోనూ కనిపించింది. రెండు ప్రశ్నలని విడివిడిగా అడగాలి.

డయోడ్_దేవి
జంక్షన్‌ల గురించే కాబట్టి ఇక్కడే అడుగుతాను. పోలార్ సూపర్‌కండక్టర్ నుంచి చిన్న బ్రిడ్జి చెక్కి సూపర్‌కండక్టింగ్ డయోడ్ (ఒక దిశలో క్రిటికల్ కరెంట్ ఎక్కువ, ఇంకో దిశలో తక్కువ) చూడాలని. 2 మైక్రాన్ల వెడల్పు, 10 మైక్రాన్ల పొడవు. 100 మిల్లీటెస్లా సమతలంలో, కరెంట్‌కి అడ్డంగా. ప్లస్, మైనస్ క్రిటికల్ కరెంట్‌ల మధ్య 4 శాతం తేడా వస్తోంది. సరిపోతుందా?

బోసాన్_బాబు
తేడా సరిపోతుంది, నమ్మకం చాలదు. ముందు ఫీల్డ్ ఎంత సమతలంలో ఉందో చెప్పండి. 1 డిగ్రీ వాలితే 100 మిల్లీటెస్లాలో 1.75 మిల్లీటెస్లా నిలువుగా దిగుతుంది. మీ బ్రిడ్జి విస్తీర్ణంలో అది 17 ఫ్లక్స్ క్వాంటాలు (ఒక్కో వోర్టెక్స్ మోసే ఫ్లక్స్). వోర్టెక్స్‌లు ఒక అంచు నుంచి సులువుగా, ఇంకో అంచు నుంచి కష్టంగా దూరితే అదే డయోడ్. రెండు అంచులూ ఒకేలా చెక్కడం ఎవరి వల్లా కాదు. వనేడియం లాంటి మామూలు ఫిల్మ్‌లలో కూడా ఇలా డయోడ్ వస్తుందని 2023లో చూపించారు.

డయోడ్_దేవి
విడదీసేది ఎలా మరి?

బోసాన్_బాబు
నిలువు కాయిల్ ఒకటి పెట్టి, ప్రతి సమతల ఫీల్డ్ దగ్గరా నిలువు ఫీల్డ్‌ని సున్నాకి అటూ ఇటూ స్వీప్ చేయండి. క్రిటికల్ కరెంట్ గరిష్ఠంగా ఉన్న చోటే నిజమైన సమతలం. ఆ గరిష్ఠ బిందువు దగ్గర కూడా తేడా మిగిలితే మాట్లాడుకోవచ్చు. ఆ తర్వాత శాంపిల్‌ని 90 డిగ్రీలు తిప్పండి. రాష్బా రకంలో ఫీల్డ్ కరెంట్‌కి సమాంతరమైతే తేడా పోవాలి. లిథియం బోరైడ్ లాంటి కైరల్ క్రిస్టల్‌లో మాత్రం సమాంతర ఫీల్డ్‌లోనే వస్తుంది.
ఇంకో తప్పనిసరి తనిఖీ: ఫీల్డ్ తిప్పితే ప్లస్, మైనస్ విలువలు ఒకదానితో ఒకటి అచ్చంగా మారిపోవాలి. మారకపోతే ఫ్లక్స్ చిక్కుకుంది, టీసీ పైకి వేడిచేసి సున్నా ఫీల్డ్‌లో మళ్లీ దించాలి. ప్రతి స్వీప్ సున్నా కరెంట్ నుంచే మొదలెట్టండి. పై నుంచి దిగుతూ కొలిస్తే వచ్చేది రీట్రాపింగ్ కరెంట్ (మళ్లీ సూపర్‌కండక్టర్ అయ్యే కరెంట్), క్రిటికల్ కరెంట్ కాదు. స్విచింగ్ యాదృచ్ఛికం కాబట్టి ఒక్కో దిశలో కనీసం వెయ్యి సార్లు కొలిచి హిస్టోగ్రామ్ గీయండి, 4 శాతం అప్పుడే అర్థవంతం. సోర్స్ ఆఫ్‌సెట్ పోగొట్టడానికి లీడ్‌లు తారుమారు చేసి కూడా చూడండి.

రాష్బా_రాజు
ఇవన్నీ దాటి నిలబడితే గొప్ప సంగతే. 2020లో నియోబియం, వనేడియం, టాంటలం పొరలు వరసగా పేర్చి చూపించిన డయోడ్ దగ్గర నుంచి జనం దీని వెనక పడ్డారు. ఫీల్డ్‌లో కూపర్ జంటలకి ఒక దిశలో మొమెంటం వస్తుంది, ఆ హెలికల్ స్థితికి ఇది కనిపించే రూపం. అయితే దేవిగారూ, డయోడ్ వచ్చినా అది స్పిన్-ఆర్బిట్ గురించే చెప్తుంది. ట్రిప్లెట్ ఎంతో చెప్పదు. ఇందులో హీలియం3 మాటే నిజం.

సూదిమొన
కొత్త డేటా. అదే క్రిస్టల్, కొత్తగా చీల్చిన బీ-ముఖం, 0.3 కెల్విన్, 18 ఓమ్‌లు. డిప్‌లు పూర్తిగా పోయాయి. 0.5 మిల్లీవోల్ట్ దగ్గర రెండు వైపులా భుజాలు. మధ్యలో ఎత్తు 1.5 రెట్లు. నార్మల్ రెసిస్టెన్స్ 10 కెల్విన్ దాకా కదల్లేదు. కానీ సున్నా దగ్గర చిన్న పీక్ ఇంకా ఉంది, వెడల్పు 0.15 మిల్లీవోల్ట్. సూది ఎత్తుతూ 35 ఓమ్‌ల దాకా వెళ్లినా వెడల్పు మారలేదు.

హీలియం3
ఇది చూడదగ్గ గీత! ఇప్పుడు రెండు గ్యాప్‌ల బీటీకే ఫిట్ వెయ్యి, కానీ అందులో ఏడు పారామీటర్లు: రెండు గ్యాప్‌లు, రెండు జెడ్‌లు (కాంటాక్ట్ అడ్డు ఎంతో), రెండు గామాలు (గీత మసక ఎంతో), ఒక వాటా. ఏడింటితో ఏ గీతకైనా అతుకుతుంది. అందుకని 0.3 దగ్గర జెడ్, గామా, వాటా తేల్చి బిగించేసి, వేడి చేస్తూ గ్యాప్‌లు మాత్రమే వదులు. గామా గ్యాప్‌లో సగం దాటితే ఆ ఫిట్ వద్దు. మధ్య పీక్‌ని ఫిట్‌లో కలపకు, విడిగా చూపించు.

బోసాన్_బాబు
ఆ చిన్న పీక్ మీద ఫీల్డ్ పెట్టి చూడాలి. 50, 100, 200 మిల్లీటెస్లా. చీలుతుందా, భుజాల కంటే ముందే అణిగిపోతుందా అన్నది కీలకం. సూదికి, క్రిస్టల్‌కి మధ్య డిఫ్యూసివ్ పొర ఉంటే వచ్చే పీక్ చిన్న ఫీల్డ్‌కే పోతుంది. వెడల్పు రెసిస్టెన్స్‌తో మారలేదంటే క్రిటికల్ కరెంట్ కాదని నేనూ ఒప్పుకుంటాను.

ముడిస్ఫటికం
పక్క ముఖం మీద కూడా ఇదే రెసిస్టెన్స్‌లో ఒకటి. ముందు పోలరైజ్డ్ లైట్ కింద ట్విన్ గోడలు ఎక్కడున్నాయో ఫొటో తీసుకుని, వాటికి దూరంగా సూది దించండి.

రాష్బా_రాజు
బీ-ముఖం మీదే పీక్ మిగిలిందంటే ఎస్‌టీఎంతో నేరుగా విభేదం, అదే ముఖం కాబట్టి. ఎస్‌టీఎం టన్నెలింగ్‌లో కనిపించనిది పారదర్శకమైన కాంటాక్ట్‌లో ఎందుకు కనిపించాలో జవాబు లేకుండా నేను కూడా ట్రిప్లెట్ అని రాయను. జెడ్ ఎంత వచ్చిందో చెప్పు.

సూదిమొన
మొదటి ఫిట్‌లో 0.4 దగ్గర. ఫీల్డ్ స్వీప్ ఈ వారం, పక్క ముఖం ఆ తర్వాత. గీతలు ఇక్కడే పెడతాను.

హీలియం3
ముడి డేటా కూడా పెట్టు, నార్మలైజ్ చేయకముందుది. దేనితో భాగించావో తెలియకపోతే 1.5 రెట్లు అన్న మాటకి బరువుండదు.